ఒక చేతిలో భూతద్దం, ఒక చేతిలో పట్టీ

2022 జనవరి. చిలకలూరిపేట అవతల ఒక ఊళ్ళో మిరప చేను గట్టున నిలబడ్డాను. చేను కౌలుది. రైతు కూతురు అప్పటికి ఇంటర్ మొదటి ఏడు, బైపీసీ. ఒక పువ్వు తుంచి అరచేతిలో రెండుసార్లు దులిపింది. నల్లటి నలుసులు రాలాయి. చూస్తుండగానే ఆ నలుసులు నడవడం మొదలెట్టాయి. "పద్నాలుగు" అంది లెక్కపెట్టి. ఇంకో పువ్వు దులిపింది. "దీంట్లో ఇరవై పైనే ఉన్నాయి సార్."

అది నల్ల తామర పురుగు. మన దేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. 2021 చివరికి గుంటూరు, ప్రకాశం మిరప చేల మీద పడింది. పూతలో దూరి రసం పీలుస్తుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. ఆ ఏడు ఏ చేను చూసినా నీలం రంగు జిగురు అట్టలే. మందు మీద మందు కొట్టినా ఆ ఎకరంలో చివరికి దిగింది నాలుగు క్వింటాళ్ళు.

వేసవిలో గుంటూరు మిర్చి యార్డులో ధర ఎగబాకింది. సరుకు లేదు కాబట్టే ఎగబాకింది. ఏప్రిల్‌లో మళ్ళీ కలిసినప్పుడు ఆ అమ్మాయి నన్ను రెండు ప్రశ్నలడిగింది. "ఈ పురుగు ఇక్కడికెట్లా వచ్చింది సార్?" కాసేపాగి, "ధర పెరిగిందంటున్నారు. మరి ఆ డబ్బు ఎవరికెళ్ళింది?"

మొదటి ప్రశ్న జువాలజీ డిపార్ట్‌మెంటుది. రెండోది ఎకనామిక్స్ వాళ్ళది. నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఆ రెండు డిపార్ట్‌మెంట్ల మధ్య ఒక సైకిల్ స్టాండు ఉండేది. నా ఉద్యోగమంతటిలో ఆ స్టాండు దాటి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పాఠం వినడానికి వచ్చిన పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ అధ్యాయం ఆ సైకిల్ స్టాండు దాటాలనుకునేవాళ్ళకి.

గోడ ఎప్పటిది?

మన ఇళ్ళలో పదో తరగతి ఫలితాలొచ్చిన రోజే తూకం వేసేస్తారు. లెక్కలొస్తే ఎంపీసీ, డాక్టరు ఆశ ఉంటే బైపీసీ, మిగిలినవాళ్ళు సీఈసీ, హెచ్ఈసీ. ఈ 'మిగిలినవాళ్ళు' అనే మాట ఎంతమంది పిల్లల్ని కుంగదీసిందో నాకు తెలుసు. అటువైపు వెళ్ళిన పిల్లలకి సైన్సు అంటే భయం, ఇటువైపు వచ్చిన పిల్లలకి చరిత్ర అంటే చులకన. రెండూ చదువుతానన్న పిల్లకి "రెండు పడవల మీద కాళ్ళు" అని సామెత అప్పజెబుతారు.

పాతకాలం నుంచీ అంతే అనుకుంటాం గానీ, కాదు. తెనాలిలో 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గుంటూరులో ఇంటర్ చదివి, విజయనగరం మహారాజా కాలేజీలో బి.ఎ. చేశాడు. బి.ఎ.లో ఆయన సబ్జెక్టు ఫిజిక్స్. ఆ రోజుల్లో అది వింత కాదు. తర్వాత బెనారస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరి, ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం కమ్మిన ఆ కాలంలో మధ్యలోనే మానేయాల్సి వచ్చింది. చదివిన ఫిజిక్స్‌తో ఆయన ఉద్యోగం చేయలేదు, కథలు రాశాడు. 1952 నుంచి 1980లో పోయేదాకా 'చందమామ' చూసుకున్నాడు. ఆయన కథల్లో మనుషులు డబ్బు కోసం, పరువు కోసం ఏం చేస్తారో చెప్పే తీరు చూడండి. ప్రయోగశాలలో రీడింగు తీసుకున్నట్టే ఉంటుంది: కోపం లేదు, కన్నీళ్ళు లేవు, ముల్లు ఎక్కడ ఆగిందో చెప్తాడు. ఆ అలవాటు ఆయనకు ఫిజిక్స్ నుంచే వచ్చిందని నా నమ్మకం. రుజువు చూపించమంటే చూపించలేను.

అదే తెనాలి పక్క యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ఎదురు దారిలో నడిచాడు. తోళ్ళ రసాయన శాస్త్రం చదివి, మద్రాసులో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థను నడిపి, తర్వాత దేశంలోని సి.ఎస్.ఐ.ఆర్. లేబొరేటరీలన్నిటికీ డైరెక్టర్ జనరల్ అయ్యాడు. అంతటితో ఆగితే ఆయన మంచి కెమిస్టు, అంతే. 1981లో ఆయన్ని ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌ని చేశారు. సామాజిక శాస్త్రాలకు పేరుపడ్డ చోట తోళ్ళ శాస్త్రవేత్త! తోలు ఊనడం అంటే ఏ రసాయనం ఎంత కలపాలన్న ఒక్క లెక్కే కాదు, ఆ పని ఏ కులం చేతిలో ఉంది, ఆ చేతికి ఎంత కూలి ముడుతోంది అన్నది కూడా అని తెలిసిన మనిషికి ఆ కుర్చీ కొత్తగా అనిపించి ఉండదు.

ఇంకొక్కటి చెప్పి ముందుకెళ్తాను. గుంటూరు పక్కన లాంలో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరు ఆచార్య ఎన్.జి. రంగా. నిడుబ్రోలు రంగా గారు ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది అర్థశాస్త్రం. పురుగుల గురించీ విత్తనాల గురించీ పరిశోధించే యూనివర్సిటీకి అర్థశాస్త్రం చదివిన మనిషి పేరు పెట్టుకుని, పిల్లలతో మాత్రం రెంటిలో ఒకటే చదవమంటాం.

ఇప్పుడున్న దారులు

ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి ఒకే మేజర్, దాంతోపాటు ఒక మైనర్ వచ్చాయి. మైనర్ వేరే శాఖ నుంచి తీసుకునే వీలుంది. కెమిస్ట్రీ మేజరైనా చరిత్ర మైనర్‌గా అడగొచ్చు. ఆ తర్వాత కూడా నిబంధనల్లో మార్పులు వస్తూనే ఉన్నాయి. అందుకని అన్నయ్య చెప్పాడనో, పోయినేడు చేరిన స్నేహితురాలు చెప్పిందనో నమ్మకుండా, చేరే ఏడాది అడ్మిషన్ల నోటిఫికేషన్ నువ్వే చదువు.

నోటిఫికేషన్‌లో ఉన్నదంతా టైంటేబుల్లో ఉండదు. ఇది అనుభవం మీద చెప్తున్నాను. మైనర్ చెప్పడానికి లెక్చరర్ ఉండాలి, గది ఖాళీ ఉండాలి, తగినంతమంది పిల్లలు చేరాలి. కాలేజీకి వెళ్ళినప్పుడు "ఫలానా మైనర్ ఉందా?" అని అడక్కు. ఉందనే చెప్తారు. "పోయినేడు ఎంతమంది తీసుకున్నారు, ఎవరు చెప్పారు, ఏ రోజు ఏ పీరియడు?" అని అడుగు. చెప్పేవాళ్ళు తడబడితే ఆ మైనర్ కాయితం మీదే ఉన్నట్టు. అప్పుడు నువ్వు నలుగురిని పోగేసుకుని వెళ్ళి రాతపూర్వకంగా అడగాలి. నేను చెప్పిన అమ్మాయి జువాలజీ మేజర్, ఎకనామిక్స్ మైనర్ అలాగే సాధించింది. పిల్లలు చాలరన్నారు. తను హాస్టల్లో గది గదికీ తిరిగి సంతకాలు పెట్టించింది. సంతకాలు పెట్టినవాళ్ళలో సగంమందికి ఎకనామిక్స్ మీద ప్రేమేమీ లేదు, ఆ పీరియడులో ఫ్యాను తిరిగే గది దొరుకుతుందని పెట్టారు.

యు.జి.సి. 2022లో రెండో తలుపు కూడా తెరిచింది. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చు. ఒకటి కాలేజీకి వెళ్ళి, ఇంకొకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో. తరగతుల వేళలు ఢీకొనకపోతే రెండూ కాలేజీకి వెళ్ళి కూడా చదవొచ్చు. పగలు బి.ఎస్సీ., దూరవిద్యలో బి.ఎ. అన్నమాట. వినడానికి బాగుంటుంది. నా సలహా: మొదటి ఏడు దీని జోలికి వెళ్ళకు. పరీక్షల తేదీలు రెండు యూనివర్సిటీలవి కాబట్టి ఎవరూ నీకోసం సర్దరు. ఫీజు రీయింబర్స్‌మెంటు రెండో డిగ్రీకి కూడా వస్తుందని ఊహించుకోకు, ముందే అడుగు. రెండో ఏడాదికి వచ్చాక నీ ఓపిక ఎంతో నీకే తెలుస్తుంది.

డబ్బున్నవాళ్ళకి నీరుకొండలోని ఎస్.ఆర్.ఎం., శ్రీసిటీలోని క్రియా లాంటి ప్రైవేటు యూనివర్సిటీలున్నాయి. విదేశాలకు వెళ్ళే పిల్లలకు లండన్ యూనివర్సిటీ కాలేజీలో 2012 నుంచి 'ఆర్ట్స్ అండ్ సైన్సెస్' అని ఏకంగా ఒకే పట్టా ఉంది. ఆస్ట్రేలియాలో బి.ఎ., బి.ఎస్సీ. జంట డిగ్రీ మామూలు విషయం. ఇవి చదివి దిగులు పడొద్దు. ఆ పట్టాలు నీకు అందించేది రెండు రకాల సబ్జెక్టుల్ని ఒక చోట చేర్చిన సిలబస్. అవి ఎందుకు కలవాలో చెప్పే ప్రశ్నను ఏ యూనివర్సిటీ ఇవ్వదు. అది నీ ఊళ్ళో ఉంది.

ముందు ప్రశ్న, తర్వాత సబ్జెక్టు

రెండు వైపులా చదవాలనుకునే పిల్లల్లో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. "నాకు బయాలజీ ఇష్టం, తెలుగు కూడా ఇష్టం" అని రెండూ తీసుకుంటారు. రెండు ఇష్టాలూ రెండు అరల్లో ఉండిపోతాయి. మూడేళ్ళయ్యాక చేతిలో ఒక డిగ్రీ, ఒక హాబీ. ఇష్టం చాలదు. రెండు సబ్జెక్టులూ ఒకే ప్రశ్న చుట్టూ తిరగాలి, ఆ ప్రశ్న ఏ ఒక్క డిపార్ట్‌మెంటుకీ పూర్తిగా లొంగకూడదు.

మన నేలకు సంబంధించిన ఒక పాత ప్రశ్నతో చూపిస్తాను. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీద పత్తిని తెల్లదోమ తినేసింది. 1987-88 నాటికి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా పేపర్లకెక్కాయి. ఎందుకు జరిగింది?

జువాలజీ మేష్టారి దగ్గరికెళ్తే ఇలా చెప్తాడు. కాయతొలుచు పురుగు కోసం కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల్ని విచ్చలవిడిగా కొట్టారు. అవి పురుగుతో పాటు దోమను తినే మిత్ర కీటకాల్నీ చంపేశాయి. దోమ మాత్రం మందుకు అలవాటు పడింది. ఆకు అడుగున చేరి రసం పీల్చి, జిగురు కార్చింది. ఆ జిగురు మీద నల్లటి బూజు పట్టింది. దూది మసిబారి బంకగా మారితే ఎవరు కొంటారు? ప్రతి మాటా నిజమే. కానీ ఒకసారి కొట్టి పని చేయకపోతే రెండోసారి, మూడోసారి ఎందుకు కొట్టాడు రైతు? మూర్ఖుడా?

ఆ ప్రశ్న పట్టుకుని ఎకనామిక్స్ మేష్టారి దగ్గరికి వెళ్ళు. ఆయన అప్పు కథ చెప్తాడు. కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుట్టదు. మందుల కొట్టువాడే అరువిస్తాడు, చాలాచోట్ల పంట కొనేదీ అతనే. ఏ మందు కొట్టాలో చెప్పేదీ అతనే. చేతిలో డబ్బు లేనివాడికి సలహా కూడా అరువు ఇచ్చేవాడే ఇస్తాడు. ఇదీ నిజమే. కానీ అరువు అంతకు ముందు కూడా ఉంది, పొగాకుకీ ఉంది. ఆ ఏడే ఎందుకు చేను కూలింది? మళ్ళీ దోమ దగ్గరికి రావాలి.

రెండు గదుల మధ్య నువ్వు మూడుసార్లు తిరిగాక తెలుస్తుంది. దోమ మందుకు అలవాటు పడే వేగం, అప్పు మీద వడ్డీ పెరిగే వేగం ఒకదాన్నొకటి తోసుకుపోయాయి. ఎక్కువసార్లు కొడితే దోమ గట్టిపడుతుంది. దోమ గట్టిపడితే ఇంకా ఎక్కువసార్లు కొట్టాలి. అందుకు ఇంకా అరువు. ఆ వాక్యం జువాలజీ పుస్తకంలోనూ లేదు, ఎకనామిక్స్ పుస్తకంలోనూ లేదు. దాన్ని రాయగలిగినవాడు రెండూ చదివినట్టు. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు, ఆ తర్వాత గులాబీ రంగు పురుగు దాన్నీ లెక్కచేయనప్పుడు, ఇదే వాక్యాన్ని మళ్ళీ తిరగేసి చూసుకోవచ్చు.

ఇలాంటి ప్రశ్నలు మన జిల్లాల్లో గట్టుకొకటి దొరుకుతాయి. మిరప అమెరికా ఖండం మొక్క. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. మిరియం, మిరప అన్న మాటల చుట్టరికం చెవికే తెలుస్తుంది. మరి పరాయి మొక్క మన ఊరగాయకు ప్రాణమెట్లా అయింది? అది బోటనీ, చరిత్ర, తెలుగు మూడూ చదివితే గానీ తేలదు. కల్లంలో నేల మీద ఆరబోసిన కాయకు తేమ తగిలి బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. యూరప్ ఒక కిలోలో పది మైక్రోగ్రాములు మించితే ఒప్పుకోదు. టార్పాలిన్ పట్టా కొనలేని రైతుకు, జర్మనీ రేవులో ఆగిన కంటైనరుకు మధ్య కెమిస్ట్రీ, వాణిజ్యం రెండూ ఉన్నాయి. ఒంగోలు వైపు పిల్లలకి పొగాకు వేలం, చీరాల వైపు పిల్లలకి మగ్గం మీది రంగులు. ఎవరి చేను వాళ్ళకుంది.

నీ ప్రశ్న సరైనదో కాదో తేల్చుకోవడానికి ఒక చిట్కా. దాన్ని రెండు డిపార్ట్‌మెంట్ల మేష్టార్లకీ చూపించు. ఒకరే పూర్తిగా జవాబు చెప్పేస్తే అది నీకు పనికిరాదు, మైనర్ మార్చుకో. ఇద్దరూ సగం చెప్పి "మిగిలింది వాళ్ళనడుగు" అంటే పట్టుకుని వదలకు.

ఎలపట, దాపట

ఒంగోలు గిత్తల సీమలో పుట్టినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. కాడికి కట్టిన రెండు ఎద్దుల్లో ఒకటి ఎలపటది, ఒకటి దాపటది. రెండూ ఒకే బరువు లాగుతాయి గానీ, ఒకదాని చోట ఇంకోదాన్ని కట్టి చూడు, మొరాయిస్తుంది. మేజర్, మైనర్ సంగతీ అంతే. రెంటినీ సమానంగా చదువుతానని ఒట్టు పెట్టుకోకు. యు.జి.సి. చట్రం ప్రకారమే మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు 24. మైనర్‌లో నువ్వు పండితుడివి కాలేవు. కానక్కర్లేదు. ఆ శాఖవాళ్ళు ఒక విషయాన్ని ఎలా అడుగుతారో, ఏది రుజువు అంటే ఒప్పుకుంటారో తెలిస్తే చాలు.

రెండు ఎద్దుల మెడ మీదా ఉండే కాడి ఒకటుంది. స్టాటిస్టిక్స్. నువ్వే జంట తీసుకున్నా ఇది నేర్చుకో, సిలబస్‌లో లేకపోయినా సరే. యార్డులో మిర్చి ధర ఉదాహరణ చూడు. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ రోజు పలికిన గరిష్ఠ ధర. ఏదో ఒక మేలురకం లాటుకి పలికింది. మార్కెటు ధరల సర్కారు పోర్టల్ అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠం, గరిష్ఠంతో పాటు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర కూడా వేస్తారు. సరుకు అమ్మాక మీ నాన్న చేతికిచ్చే చీటీ, అదే పట్టీ, అందులో ఉన్నది నాలుగో అంకె. ఈ నాలుగు అంకెలూ ఎందుకు వేరు? చేలో ఏ పువ్వులు దులిపి లెక్కపెట్టావు, గట్టు పక్కవేనా, చేను నడుమవి కూడానా? ఈ రెండూ ఒకటే ప్రశ్న, దేన్ని చూసి అంతటికీ లెక్క కడుతున్నావు అని. సగటు, చెదురు, శాంపిల్ అన్న మూడు మాటలు చేతికొస్తే సైకిల్ స్టాండు సగం దాటినట్టే.

చదివే తీరు, రాసే తీరు

నా కథ ఒకటి చెప్పాలి. బి.ఎస్సీ. అయ్యాక దూరవిద్యలో ఎం.ఎ. ఎకనామిక్స్ కట్టాను. మొదటి పేపర్లో వ్యవసాయ ధరల గురించి ఒక ప్రశ్న వచ్చింది. చేతికి అలవాటైన పద్ధతిలో నిర్వచనం రాశాను, కింద ఆరు లక్షణాలు అంకెలు వేసి రాశాను, పెన్సిల్‌తో పటం గీసి బాణాలు పెట్టి పేర్లు రాశాను. నా అంచనా డెబ్బై. వచ్చింది ముప్పై ఎనిమిది. ఆ పేపరు సంగతి విన్న ఎకనామిక్స్ మిత్రుడు నవ్వి, "నువ్వు ధరల గురించి రాయలేదయ్యా, బొద్దింక గురించి రాశావు" అన్నాడు.

నిజమే. సైన్సులో జవాబు ముందే ఉంటుంది, దాన్ని తప్పు లేకుండా, ఎవరు చూసినా అదే కనిపించేలా రాయాలి. ఆర్ట్స్‌లో ఒక మాట అని, దాన్ని నిలబెట్టాలి. ఎదుటివాడు ఏమంటాడో నువ్వే రాసి, అందులో ఎంత నిజముందో ఒప్పుకుని, మళ్ళీ నీ మాటకు రావాలి. ఒక దాని అలవాటు రెండో దానిలోకి తెలియకుండా జొరబడుతుంది. ఎదురు దారిలోనూ అంతే. మా ల్యాబ్ రికార్డులో ఒక కుర్రాడు "కప్ప గుండె చాలా అందంగా ఉంది" అని రాశాడు. ఉండొచ్చు. మార్కు మాత్రం పడలేదు.

చదవడంలో కూడా తేడా పాటించు. సైన్సు పాఠం పేరా పేరాగా చదువు. పటాన్ని పుస్తకం మూసి గీయి, తప్పు వచ్చిన చోటే మళ్ళీ తెరువు. చరిత్రో ఎకనామిక్సో అయితే పేరా దగ్గర ఆగకు. అధ్యాయం మొత్తం ఒక ఊపులో చదివి, పుస్తకం మూసి, ఆ రచయిత ఏం వాదించాడో ఐదు వాక్యాల్లో నీ తెలుగులో రాయి. ఆరో వాక్యంలో నీకెక్కడ నచ్చలేదో రాయి. ఆరో వాక్యం రాకపోతే నువ్వింకా చదవలేదు.

ఒక నోట్‌బుక్ మాత్రం ఉమ్మడిది ఉంచు. ఎడమ పేజీలో చూసింది, కొలిచింది: తేదీ, చేను, పువ్వుకు ఎన్ని పురుగులు. కుడి పేజీలో మనుషులు చెప్పింది: ఎవరు, ఎక్కడ, వాళ్ళకేం లాభం ఉండి చెప్పారు. మందుల కొట్టులో విన్నది కుడి పేజీకి, అతను చెప్పినట్టు చేసి చూశాక కనబడింది ఎడమ పేజీకి. ఆ రెంటినీ కలగాపులగం చేయకు.

ఇంట్లో వ్యవసాయం ఉన్న పిల్లలకు క్యాలెండరు పెద్ద తంటా. మిరప కోతలు జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా విడతలుగా సాగుతాయి. సరిగ్గా అప్పుడే రెండో సెమిస్టరు బరువెక్కుతుంది. పత్తి తీతలు మొదటి సెమిస్టరు చివర్లో తగులుతాయి. అందుకని లావుపాటి పుస్తకాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు చదివేసుకో. ఆ రోజుల్లో చేలో కోతలప్పుడున్నంత పని ఉండదు. కోతల రోజుల్లో కల్లమే నీ ల్యాబ్ అనుకో, అక్కడ చూసింది రాసుకో. ఒక్క లెక్చర్ పోతే స్నేహితుల నోట్స్ ఉంటాయి. ప్రాక్టికల్ పోతే మళ్ళీ రాదు. కోతకు మనిషి చాలడం లేదని ఇంట్లో అంటే ప్రాక్టికల్ లేని రోజే ఒప్పుకో.

పాత పేపర్లు చూడాల్సి వస్తే చీరాల పక్కన వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918 నుంచి నడుస్తున్న గ్రంథాలయం. అక్కడ పాత పత్రికలు విప్పి కూర్చుంటే తిండి మర్చిపోతావు. విత్తనాల సంగతి తెలియాలంటే లాం ఫారానికి వెళ్ళు. మన చేలల్లో తిరిగే ఎల్.సి.ఎ. 334 లాంటి మిరప రకాలు పుట్టింది అక్కడే. గుంటూరు యార్డుకైతే తెల్లవారక ముందే వెళ్ళాలి. కొనేవాడు టిక్కీ బస్తాలోంచి పిడికెడు కాయ తీసి, ఒకటి విరిచి, గింజ చూసి, మిగిలినవి గుప్పిట్లో గలగలలాడిస్తాడు. ఆ చప్పుడులో తేమ ఎంతో అతనికి తెలుస్తుంది. నువ్వు ఓవెన్‌లో ఆరబెట్టి తూచి కనుక్కునేది అతను చెవితో కనుక్కుంటాడు. అతని చెవి ఎంత సరిగ్గా ఉందో పరీక్షించడమే ఒక మంచి ప్రాజెక్టు.

"చదివితే ఏమొస్తుంది?"

ఈ ప్రశ్న ఇంట్లో తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. దాచకుండా చెప్తాను. ఈ కలయిక వల్ల నేరుగా దొరికే ఉద్యోగమంటూ లేదు. వ్యవసాయాధికారి కావాలంటే బి.ఎస్సీ. అగ్రికల్చరే చదవాలి, జువాలజీ-ఎకనామిక్స్ పనికిరాదు. టీచరు కావాలంటే డిగ్రీలో ఏ సబ్జెక్టు ఎంత చదివావన్నది అడుగుతారు. పీజీ ప్రవేశాలకూ అంతే. మైనర్ ఎంచుకునే ముందే నువ్వు వెళ్ళదలచుకున్న పీజీ, బి.ఎడ్. అర్హతల పేజీ తీసి చదువుకో. మూడో ఏడాదిలో చదివి ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు.

లాభమెక్కడంటే, ఇద్దరి మాటా అర్థమయ్యే మనిషి తక్కువైన చోట. పంటల బీమా లెక్కలు, ఎగుమతి సంస్థల్లో నాణ్యత విభాగం, గ్రామీణ బ్యాంకులు, వ్యవసాయ విలేకరితనం, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు. గ్రూప్స్ పరీక్షల్లో సైన్సు, ఆర్థిక వ్యవస్థ, చరిత్ర అన్నీ ఉంటాయి కాబట్టి అక్కడ కాస్త ముందుంటావు. మీ నాన్నకు ఇదంతా చెప్పకు. ఈ ఏడు పట్టీ తీసుకుని కూర్చుని అందులో పట్టుకున్న కోతలు ఒక్కొక్కటీ చదివి, ఏది న్యాయం, ఏది కాదో చెప్పు. తర్వాత ఆయన ఆ ప్రశ్న మళ్ళీ అడగకపోవచ్చు.

ఆ అమ్మాయి 2025 ఫిబ్రవరిలో మా ఇంటికొచ్చింది. రెండో ఏడు డిగ్రీ. ఆ నెల మిర్చి ధర పడిపోయి యార్డు ముందు రైతులు గొడవ చేస్తున్నారు. కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఉమ్మడి నోట్‌బుక్ తీసి బల్ల మీద పరిచింది. ఎడమ పేజీలో పూల లెక్క: పువ్వుకు రెండు, మూడు, సున్నా, ఒకటి. "పురుగు ఈసారి లేనట్టే సార్. ఎకరానికి పదిహేడు దిగింది." కుడి పేజీకి గుండుసూదితో గుచ్చిన పట్టీ: 10,200.

కింద రెండు వరసలు రాసుకుంది. 2022: నాలుగు క్వింటాళ్ళు, పద్దెనిమిది వేల చొప్పున, 72,000. 2025: పదిహేడు క్వింటాళ్ళు, పది వేల రెండొందల చొప్పున, 1,73,400.

"ఇట్లా చూస్తే ఈ ఏడే నయం" అన్నాను.

"కోత కూలి వెయ్యలేదు సార్ ఇంకా. నాలుగు క్వింటాళ్ళు మేమే కోసుకున్నాం. పదిహేడుకి మనుషుల్ని పెట్టాం. కౌలు కూడా పెరిగింది." వరసల కింద గీత గీసి, పెన్ను నోట్లో పెట్టుకుని పైకి చూసింది.

"నేనెందుకు, నువ్వే వెయ్యి" అని టీ పెట్టడానికి లేచాను.